సొరంగం దాటితే తెల్లవారుతుంది

ఆరేళ్ల పిల్లవాడిని, మూడున్నరేళ్ల పిల్లను వెంటబెట్టుకుని విశాఖ, అరకు వెళ్తున్నామంటే మా బంధువుల్లో సగంమంది వద్దన్నారు. "ఆ వయసులో వాళ్లకు ఏమి గుర్తుంటుంది? కాస్త పెద్దయ్యాక తీసుకెళ్లండి" అన్నది అందరి మాట. నేను ఒప్పుకోలేదు. గుర్తుండకపోతే పోనీ. ఈ వయసులో వాళ్లు లోకాన్ని చూసే తీరు ఇంకో రెండేళ్లకు ఉండదు. అది మాకు గుర్తుంటే చాలు. అందుకే ఏ రోజుకు ఆ రోజు, పిల్లలు పడుకున్నాక, వాళ్లు అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకున్నాను. కొండల గురించి, గుహల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడడుగుల ఎత్తు నుంచి చూస్తే అవి ఎలా కనిపిస్తాయో చెప్పేవాళ్లే తక్కువ.

గురువారం: విజయవాడ నుంచి విశాఖ

పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మా ఆయన, నేను, మా అత్తయ్య గారు, పిల్లలిద్దరు. ఏలూరు రాకముందే టీసీ గారు వచ్చారు. పెద్దవాడికి టికెట్ ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టికెట్ అక్కర్లేదు కాబట్టి చిన్నదానికి తీసుకోలేదు. ఆయన మా నలుగురి పేర్లూ చూసుకుని ముందుకు కదిలారు. చిన్నది ఆయన కోటు పట్టుకుని ఆపింది.

"నా పేరు అడగలేదు."

"నీకు అక్కర్లేదమ్మా, నువ్వు చిన్నపిల్లవి."

"నేను రైలులోనే ఉన్నాను కదా!"

మాటకు మాట సరిగ్గానే ఉంది. అన్నయ్య పేరు చదివి తన పేరు చదవకపోతే తాను ఈ రైలులో లేనట్టే కదా అని దాని బాధ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ పెద్దమనిషి ఎంత మంచివాడంటే, జేబులోంచి చిన్న కాగితం తీసి దాని పేరు అడిగి రాసి, కింద సంతకం చేసి ఇచ్చాడు. "ఎవరు అడిగినా ఇది చూపించు తల్లీ" అన్నాడు. ఎవరూ అడగలేదు. అయినా సరే, ఆ బోగీలో ఉన్నవాళ్లందరికీ అది స్వయంగా వెళ్లి చూపించి వచ్చింది. పెట్టెలో మూడోవంతు మందితో మాకు అలా పరిచయమైంది.

కొవ్వూరు దాటి గోదావరి వంతెన మీదికి రాగానే అత్తయ్య గారు కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు తీశారు. పక్కన పాత హేవలాక్ వంతెన స్తంభాలు కనిపిస్తున్నాయి. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయాయి. "గోదావరి తల్లికి దండం పెట్టి నీళ్లలో వేయండి" అని పిల్లల చేతికి చెరొక బిళ్ల ఇచ్చారు. పెద్దవాడు వేయలేదు.

"నానమ్మా, గోదావరి ఈ డబ్బుతో ఏమి కొనుక్కుంటుంది?"

"ఏమీ కొనుక్కోదు నాన్నా. భక్తితో ఇస్తాం."

"కొనుక్కోకపోతే మరి ఎందుకు ఇవ్వడం?"

వీళ్లిద్దరూ ఇలా మాట్లాడుకుంటూ ఉండగానే చిన్నది తన చేతిలో సగం కొరికిన బిస్కెట్‌ను కిటికీ ఊచల సందులోంచి విసిరేసింది. రూపాయి భద్రంగా పిడికిట్లోనే ఉంది. "ఆకలేస్తుంది కదా గోదావరికి" అంది. అత్తయ్య గారు దాన్ని దగ్గరికి లాక్కుని ముద్దులు పెట్టుకున్నారు. "నైవేద్యం పెట్టింది నా తల్లి. నాకే తోచలేదు" అన్నారు. ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. రాజమండ్రి స్టేషన్ దాటేవరకూ ఎదురు సీట్లో వాళ్లకు, పక్క సీట్లో వాళ్లకు అదే చెప్పారు.

సాయంత్రం రామకృష్ణా బీచ్‌కు వెళ్లాం. పిల్లలకు సముద్రం కొత్త. ఇక్కడ అలల లాగుడు ఎక్కువ కాబట్టి పాదాలు తడిసేంతవరకే వెళ్లాలని ముందే గట్టిగా చెప్పాం. పెద్దవాడు నీళ్ల అంచున నిలబడి చెయ్యెత్తి "ఆగు!" అన్నాడు. అల అక్కడికి వచ్చి వెనక్కి వెళ్లింది. మళ్లీ "ఆగు!" మళ్లీ వెళ్లిపోయింది. వాడి ముఖం వెలిగిపోయింది. చీకటి పడేదాకా వాడు ఆ పని మీదే ఉన్నాడు. మురీ మిక్స్చర్ పొట్లం ఇస్తే, తాను వస్తే సముద్రం రోడ్డు మీదికి వచ్చేస్తుందని, తినిపించమని అక్కడే నోరు తెరిచాడు. తినిపించాను.

రాత్రి గదిలో దీపం తీసేశాక అలల హోరు బాగా వినబడింది. చిన్నది దొర్లి దొర్లి చివరికి లేచి కూర్చుని వాళ్ల నాన్నను తట్టి లేపింది. "నాన్నా, సముద్రం ఆపేయి. నిద్ర వస్తోంది." ఆయన లేచి, ఫ్యాను స్విచ్ దగ్గరికి వెళ్లి ఏదో నొక్కినట్టు చేసి, కిటికీ తలుపు గట్టిగా మూసి వచ్చారు. హోరు కొంచెం తగ్గింది. "థాంక్యూ" అని పడుకుంది.

శుక్రవారం: కొండెక్కిన రైలు

కిరండోల్ ప్యాసింజర్ ఉదయం ఏడు కాకముందే బయల్దేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి 1960లలో వేసిన మార్గం ఇది. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా 58 సొరంగాలు ఉన్నాయని చెబుతారు. శృంగవరపుకోట దాటి బొడ్డవర రాగానే కొండలు దగ్గరపడతాయి. ఆ తరువాత ఒకదాని వెంట ఒకటి సొరంగాలే. సొరంగంలోకి వెళ్లగానే పెట్టెలో ఉన్న కుర్రకారంతా ఒక్కసారిగా కేకలు పెడతారు. అది ఈ రైలులో ఆనవాయితీ.

మొదటి సొరంగంలోకి వెళ్లగానే చిన్నది "రాత్రయింది" అని నా ఒళ్లో తల పెట్టి కళ్లు మూసుకుంది. బయటికి రాగానే లేచి కూర్చుని ఆవలించి, "తెల్లవారింది. పళ్లు తోమాలి" అంది. వేలితో తోమింది. "టిఫిన్" అంది. అత్తయ్య గారు ఇడ్లీ ముక్క పెట్టారు. రెండో సొరంగం వచ్చింది. మళ్లీ రాత్రి, మళ్లీ తెల్లవారడం, మళ్లీ పళ్లు, మళ్లీ ఇడ్లీ. శివలింగపురం వచ్చేసరికి మేము తెచ్చుకున్న ఇడ్లీలు అయిపోయాయి. ఇక అక్కడి నుంచి స్టేషన్లో కొన్న జామకాయలే టిఫిను. ఎదురుగా కూర్చున్న కాలేజీ అమ్మాయిలు కూడా దానితో పాటు పడుకుని లేవడం మొదలుపెట్టారు.

పెద్దవాడు మాత్రం మౌనంగా వేళ్లు లెక్కపెడుతున్నాడు. వాడి పుట్టినరోజు ఇంకా మూడు వారాలు ఉంది. ఇంట్లో గోడమీది క్యాలెండర్‌లో రోజూ ఒక గడి కొట్టేస్తూ ఉంటాడు. బొర్రా స్టేషన్ రాకముందే వాడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అమ్మా, ఇరవై ఒక్క రాత్రులు అయిపోయాయి!"

"అవును, ఎన్ని సొరంగాలో కదా!"

"కాదమ్మా. ఇరవై ఒక్క రాత్రులు అయిపోతే ఇవాళ నా పుట్టినరోజు!"

ఏమనగలం? చెల్లెలి ఆటను అన్న చెడగొట్టడం చూశాను కానీ, దాన్ని ఇంత శ్రద్ధగా నమ్మి లెక్క కట్టడం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన కాసేపు ఆలోచించి, వాడి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి శుభాకాంక్షలు చెప్పారు. కాలేజీ అమ్మాయిలు పాట పాడారు. పెట్టెలో సగంమంది చప్పట్లు కొట్టారు. రైలు దిగేసరికి మావాడికి ఏడేళ్లు.

బొర్రా గుహల దగ్గర కోతులు ఎక్కువ. మెట్లు దిగకముందే ఒకటి వచ్చి చిన్నదాని చేతిలో జామకాయ లాక్కుపోయింది. ఏడుస్తుందనుకున్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం వాళ్ల నానమ్మ గొంతుతో, "అడిగి తీసుకోవాలి! అలా లాక్కోకూడదు!" అని కేకలేసింది. కోతి గోడ మీద కూర్చుని దాన్నే చూస్తూ తింటోంది. "సరే, తిన్నాక చెయ్యి కడుక్కో" అని చెప్పి గుహలోకి నడిచింది.

గుహ సుమారు 80 మీటర్ల లోతుంటుంది. సున్నపురాతిని కరిగించుకుని వచ్చిన నీరు చుక్క చుక్కగా కారుతూ, పైకప్పు నుంచి కిందికీ నేల నుంచి పైకీ స్తంభాలను పెంచుతుంది. అది వేల ఏళ్ల పని. గైడు ఈ సంగతి చెబుతుండగా సరిగ్గా ఒక చుక్క పెద్దవాడి ముక్కు మీద పడింది. వాడు కదలకుండా నిలబడిపోయాడు.

"రా నాన్నా, ముందుకు వెళ్దాం."

"ఉండమ్మా. నాకు కొమ్ము వస్తోంది."

గైడు వంగి, చాలా గౌరవంగా, "బాబూ, అది రావడానికి నువ్వు ముసలివాడివి అయ్యేదాకా నిలబడ్డా చాలదు" అన్నాడు. వాడు ఆలోచించి, "నాకు ఇవాళే ఏడేళ్లు వచ్చాయి" అన్నాడు. ఏళ్లు ఇంత త్వరగా వస్తున్నప్పుడు అదేమంత పెద్ద విషయం అని వాడి ఉద్దేశం. వెనక వచ్చేవాళ్లకు దారి కావాలని చెప్పాక కదిలాడు.

లోపల శివలింగం దగ్గర గైడు ఆవు కథ చెప్పాడు. పైన మేస్తున్న ఆవు కప్పులో ఉన్న కంతలోంచి గుహలోకి పడిందట, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పశులకాపరికి ఈ లింగం కనిపించిందట. అందరూ లింగానికి దండం పెట్టుకుంటున్నారు. మావాడు పైనున్న కంతను చూస్తున్నాడు.

"మరి ఆవు ఎలా బయటికి వెళ్లింది?"

గైడు ఆగిపోయాడు. ఏళ్ల తరబడి ఈ కథ చెబుతున్నా ఈ ప్రశ్న తనను ఎవరూ అడగలేదన్నాడు. నేనూ చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నదాన్నే. ఆవు కాపాడబడిందని వినగానే సంతోషించి ఊరుకున్నాను తప్ప, పాపం అది ఆ మెట్లు లేని రోజుల్లో ఎలా ఎక్కిందో నాకు ఎన్నడూ తోచలేదు. ఆ తరువాత గైడు రాళ్లలో మొసలి చూపించాడు, రుషి గడ్డం చూపించాడు, రంగు దీపాల వెలుగులో తల్లీబిడ్డల రూపం చూపించాడు. వాడికి ఏవీ పట్టలేదు. తిరిగి పైకి ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి, "ఇక్కడ ఆవు పడుతుందా?" అని వెడల్పు చూసుకున్నాడు. పడుతుందని తేలాకే భోజనానికి ఒప్పుకున్నాడు.

పుట్టినరోజుకు కేకు కావాలి కదా. జీపులో అరకు దారిలో వెళ్తూ ఒకచోట ఆగాం. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుస్తున్నారు. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి అడ్డాకులు కుక్కి, నిప్పుల మీద పెడతారు. వండుతున్నాయన సంగతి విని, బొంగు చల్లారనిచ్చి వాడి ముందు పెట్టి ఆకుల మూత తీశాడు. ఆవిరి గుప్పున వచ్చింది. వాడు బుగ్గలు నింపుకుని ఉఫ్ అని ఊదాడు. జీపు డ్రైవరు, వంటాయన, పక్క బల్ల దగ్గరున్న ఒడిశా యాత్రికులు అందరూ చప్పట్లు. ఇంటికి వెళ్లాక అసలు రోజున మళ్లీ ఏమి చెప్పాలో అని మేము ఆలోచిస్తుంటే, వాడే తేల్చేశాడు: "అది ఇంట్లో పుట్టినరోజు. ఇది కొండ పుట్టినరోజు."

శనివారం: అరకు

పొద్దున చలిగా ఉంది. పొలాల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. గిరిజన మ్యూజియంలో మనుషులంత బొమ్మలతో అక్కడి జీవితాన్ని చూపిస్తారు. వంట చేసే ఆవిడ, పిండి విసిరే ఆవిడ, వేటకు వెళ్లే మనిషి. చిన్నది ప్రతి బొమ్మకూ ఆగి నమస్కారం పెట్టింది. విసురుతున్న ఆవిడ దగ్గర రెండుసార్లు పెట్టింది. జవాబు లేదు. నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "అమ్మా, ఆవిడ అలిగింది. ఎవరూ సాయం చేయడం లేదు, అందుకే" అంది. ఆ మాట వినగానే అత్తయ్య గారు నా వైపు, నేను మా ఆయన వైపు చూశాం. ఆయన వేటగాడి బొమ్మను చాలాసేపు పరిశీలించారు.

అనంతగిరి దారిలో కాఫీ తోట చూశాం. నీడ కోసం పెంచిన ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఈ అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పళ్లు ఎర్రగా పండి ఉన్నాయి. తోటలో పనిచేసే ఆవిడ ఒక పండు నొక్కి గింజలు తీసి చూపించి, మిగిలిన గుజ్జు పిల్లల నాలుక మీద పెట్టింది. తియ్యగా ఉంటుంది. మా ఇంట్లో పిల్లలు కాఫీ తాగకూడదని అత్తయ్య గారి చట్టం. ఆవిడ వెనకనుంచి వచ్చి, "ఏమిటి తింటున్నారు?" అన్నారు.

పెద్దవాడు నోరు తుడుచుకుని, "తాగలేదు నానమ్మా. తిన్నాను" అన్నాడు. చట్టంలో తినడం లేదు. అత్తయ్య గారు కూడా ఒక పండు అడిగి చప్పరించి చూశారు.

మధ్యాహ్నం ఇక్కడి గిరిజనుల థింసా నృత్యం చూశాం. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి, వాద్యాల లయకు ఒక్కలా అడుగులు వేస్తూ పాములా మెలికలు తిరుగుతారు. యాత్రికులు కూడా చేరవచ్చు. వరుస చివర ఉన్న ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నది చేరింది. నాలుగు అడుగులు వాళ్లవి, తరువాత ఒక గెంతు దానిది. రెండు చుట్లు తిరిగేసరికి వరుసలో చివరి ముగ్గురూ ఆ గెంతు కూడా వేస్తున్నారు. ఎంత దయగల మనుషులు! పాట ఆగిపోయినా వేలు వదలలేదు. వాళ్లతోనే ఉంటానంది. పద్మాపురం తోటలో చిన్న రైలు ఉందని చెప్పి తీసుకొచ్చాం. ఆ రైలుకు సొరంగం లేదని పెద్దవాడు నిరాశపడ్డాడు.

ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఇద్దరికీ వాంతులు. పిల్లలతో వెళ్లేవాళ్లు చేతికి అందేలా రెండేసి జతల బట్టలు, ప్లాస్టిక్ సంచులు, తడి తుండుగుడ్డ పెట్టుకోండి. డిక్కీలో ఉన్న బట్టలు ఆ సమయంలో ఎందుకూ పనికిరావు.

ఆదివారం: జలాంతర్గామిలో అత్యవసర పరిస్థితి

ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ దేశంలో తయారైన జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో సేవ చేసి, 2001లో విరమణ పొందింది. 2002 నుంచి బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. 91 మీటర్ల పొడవు. ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగాలి. మధ్యలో వెనక్కి తిరిగే వీల్లేదు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి వెళ్లాలి. పెద్దవాళ్లం నడుములు వంచి, కాళ్లు ఒకటొకటిగా వేసుకుంటూ వెళ్తుంటే, పిల్లలు తలైనా వంచకుండా పరుగెత్తారు. "ఇది పిల్లల కోసం కట్టారమ్మా. పెద్దవాళ్లకు సరిపోవడం లేదు చూడు" అన్నాడు పెద్దవాడు.

లోపల సందర్శకులకు వివరించేది నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు. నెరిసిన మీసాల పెద్దాయన ఒకరు, ఇంత ఇరుకులో డెబ్బైమందికి పైగా నావికులు నెలల తరబడి ఎలా ఉండేవారో చెబుతున్నారు. నీళ్లు పొదుపుగా వాడటం, ఒకరు లేచిన మంచం మీద ఇంకొకరు పడుకోవడం, వంటగది అంటే ఒక మనిషి నిలబడేంత చోటు. అందరం శ్రద్ధగా వింటున్నాం. అప్పుడు చిన్నది, సరిగ్గా నడిమధ్యలో, నా చెంగు లాగి గట్టిగా ప్రకటించింది: "అమ్మా, ఒకటి వస్తోంది."

ముందు యాభైమంది, వెనక యాభైమంది. వెళ్లే ముందు రెండుసార్లు అడిగాను, రావడం లేదంది. పిల్లలను పెంచిన ప్రతి తల్లికీ ఇది తెలుసు. వాళ్లకు ఎప్పుడూ ముందు రాదు, అప్పుడే వస్తుంది. పైగా పక్కనే, అద్దం వెనక, నావికులు వాడిన మరుగుదొడ్డి ప్రదర్శనకు పెట్టి ఉంది. అది చూసి, "ఇదిగో, ఇక్కడుంది!" అని ఆనందంగా కూర్చోబోయింది.

పెద్దాయన మాట ఆపారు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. గొంతు పెంచి, "దారి ఇవ్వండి, పాపకు దారి ఇవ్వండి!" అని ఆదేశించారు. ఆ గొంతులో నౌకాదళం వినిపించింది. కాలేజీ కుర్రాళ్లు, కొత్త దంపతులు, ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం అందరూ గోడలకు అతుక్కుపోయారు. ఆయన ముందు, చిన్నదాన్ని ఎత్తుకుని మా ఆయన వెనక. ప్రతి కంత దగ్గరా అవతలి గదిలోకి కేక: "పాప వస్తోంది!" ఆ కేక గది గదికీ మాకన్నా ముందే వెళ్లిపోయింది. చివరి గదిలో టార్పెడో గొట్టాల దగ్గర నిలబడ్డవాళ్లు ఏమిటో తెలియకపోయినా దారి ఇచ్చి నిలబడ్డారు. మెట్లు దిగి, రోడ్డు దాటి, ఒక హోటలు వాళ్లు తలుపు తీసి పట్టుకుంటే, సమయానికి చేరాం.

పని అయ్యాక చిన్నది చేతులు కడుక్కుంటూ, "తాతగారికి చెప్పాలి" అంది. తిరిగి వెళ్లింది. ద్వారం దగ్గర నిలబడి ఉన్న ఆయనకు, "అయిపోయింది!" అని చెప్పింది. ఆయన నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంతమంది అపరిచితులు ఒక చిన్నపిల్ల కోసం క్షణంలో ఒక్కటవుతారని తెలియడం కోసం ఎంత దూరమైనా రావచ్చు.

సోమవారం: సింహాచలం

మధ్యాహ్నం రైలు. పొద్దున్నే కొండ మీదికి వెళ్లాం. సింహాచలంలో వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటారు. వైశాఖ శుద్ధ తదియనాడు, చందనోత్సవం రోజున ఒక్కరోజే ఆ పూత తీసి నిజరూప దర్శనం ఇస్తారు. పెద్దవాడు స్వామిని చూసి బయటికి వచ్చాక నానమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"నానమ్మా, స్వామికి చెమటకాయలా?"

ప్రతి ఎండాకాలం వాడి వీపుకు ఆవిడ గంధం అరగదీసి రాస్తారు. వాడికి తెలిసిన గంధం అదొక్కటే. అత్తయ్య గారు నవ్వలేదు, కసురుకోలేదు. "స్వామి ఉగ్రుడు నాన్నా, ఒళ్లంతా వేడి. చల్లబరచడానికే" అన్నారు. వాడు సరేనన్నట్టు తలూపాడు.

కప్పస్తంభం దగ్గర జనం వరుస కట్టి ఉన్నారు. దాన్ని కౌగిలించుకుని కోరుకుంటే కోరిక తీరుతుందని నమ్మకం. చిన్నదాని చేతులు చుట్టూ అందలేదు. చెవి ఆనించి చాలాసేపు ఉంది.

"ఏమి కోరుకున్నావు బంగారూ?" అన్నారు అత్తయ్య గారు.

"నేను అడగలేదు. అదే చెప్పింది. అందరూ పట్టుకుంటే చక్కిలిగింతలు పెడుతోందట."

వెనక నిలబడ్డ పెద్దావిడ ఆ మాట విని, తన వంతు వచ్చినప్పుడు చేతులు చాలా మెల్లగా వేశారు.

మెట్లు దిగుతూ అత్తయ్య గారు, చందనోత్సవానికి పిల్లలను తీసుకుని మళ్లీ వస్తానని మొక్కుకున్నానన్నారు. ఆ రోజు జనం విపరీతంగా ఉంటారని, చిన్నపిల్లలతో కష్టమని మా ఆయన నచ్చజెప్పబోయారు. పెద్దవాడు మధ్యలో అడ్డు వచ్చాడు.

"రావాలి నాన్నా. ఒక్కరోజే కదా తీసేది. తగ్గాయో లేదో చూడాలి."